మాటకూ గడువు ఉంటుంది



ఈ ఆరోగ్య వ్యాసాల వరుసలో ఇది చివరిది. పదిహేడేళ్ల పాటు నెలకు ఒకటో రెండో వంతున వైద్య విషయాలను తెలుగులో వ్రాస్తూ వచ్చాను. ఇకపై వ్రాయను. నాకు పెద్ద జబ్బేదీ రాలేదు, ఎవరి మీదా అలిగి మానలేదు. ఈ రెండు సందేహాలూ కొందరికి కలుగుతాయని తెలుసు గనుక ముందే చెబుతున్నాను. డెబ్బయ్యారో ఏట, బాగా ఆలోచించుకొని తీసుకున్న నిర్ణయమిది.

ఆసుపత్రిలో డ్యూటీ ముగించిన వైద్యుడు, తరువాత వచ్చిన వైద్యుడికి వార్డును ఒప్పజెప్పి గాని ఇంటికి కదలకూడదు. ఏ మంచం మీది రోగికి ఏమి జరిగింది, ఎవరిని రాత్రంతా కనిపెట్టి ఉండాలి, ఏ పరీక్ష ఫలితం ఇంకా రావలసి ఉంది, ఇవన్నీ చెప్పిన తరువాతే సెలవు. పెళ్లిలో అప్పగింతలకు కన్నీళ్లు తోడు వస్తాయి. ఆసుపత్రి అప్పగింతలకు వివరాలు కావాలి. ఈ వ్యాసాన్ని ఆ రెండో రకం అప్పగింతగా చదవమని కోరుతున్నాను.

ఎందుకు మొదలుపెట్టాను

ఉద్యోగ విరమణ తరువాత అశోక్‌నగర్‌లో స్థిరపడ్డాను. ఉదయం ఇందిరా పార్కులో నడక, చిక్కడపల్లిలో కూరగాయలు, సాయంత్రం తీరిక ఉంటే త్యాగరాయ గానసభలో కచేరీయో నాటకమో. ఎక్కడికి వెళ్లినా ఎవరో ఒకరు రక్తపరీక్ష కాగితం చేతబట్టుకొని, "డాక్టరు గారూ, ఒక్క నిమిషం" అనేవారు. ఆ ఒక్కొక్క నిమిషంలో నాకు ఒక సంగతి బోధపడింది. వారికి వైద్యులు దొరకకపోవడం లేదు. నారాయణగూడ నుండి ఆర్టీసీ క్రాస్‌రోడ్డు దాకా ఆసుపత్రులకు, ల్యాబులకు, మందుల దుకాణాలకు కొదవ లేదు. తమ జబ్బు ఏమిటో తమ భాషలో, తీరికగా చెప్పేవారే కరవు. ముప్పయ్యేళ్లకు పైగా ప్రభుత్వ ఆసుపత్రుల ఓ.పి.లలో కూర్చున్నవాడిని గనుక ఆ తీరిక ఎందుకు ఉండదో కూడా నాకు తెలుసు. గది బయట వంద మంది నిలబడి ఉన్నప్పుడు ఒక్కొక్కరికి దక్కేది రెండు నిమిషాలు. చీటీ వ్రాయడానికి ఆ సమయం చాలుతుంది, వివరించడానికి చాలదు. అప్పుడు చెప్పలేకపోయినది తరువాత కాగితం మీద చెప్పవచ్చునని మొదలుపెట్టాను.

వ్రాయబోతే తెలిసింది, జబ్బుల గురించి మన జనం మాట్లాడే భాషను ముందు నేను నేర్చుకోవాలని. 'గ్యాస్' అన్న ఒక్క మాటలో అజీర్ణం నుండి గుండెపోటు దాకా అన్నీ ఇమిడిపోతాయి. 'నరాల బలహీనత' అంటే ఒకరికి రక్తహీనత, ఇంకొకరికి మధుమేహం వల్ల కాళ్ల మంటలు, మరొకరికి దిగులు. 'వేడి చేసింది' అన్నవారిలో మూత్రంలో సూక్ష్మజీవులు చేరినవారు ఉంటారు, నీళ్లు తక్కువ తాగినవారూ ఉంటారు. ఈ మాటలను వెక్కిరించి వైద్యం చేయలేము. ఆ మాట వెనుక ఉన్న బాధ ఏమిటో అడిగి తెలుసుకోవాలి. పదిహేడేళ్లలో నేను నేర్చినదానిలో సగం ఇదే.

ఎందుకు ఆపుతున్నాను

మందు సీసా మీద తయారైన తేదీ, గడువు తీరే తేదీ ముద్రించి ఉంటాయి. వైద్య వ్యాసం మీద గడువు తేదీ ఉండదు. కాని దానికీ గడువు ఉంటుంది.

మన ఊరి చరిత్రలోనే ఇందుకు గొప్ప ఉదాహరణ ఉంది. 1888లోను, 1889లోను హైదరాబాదులో క్లోరోఫాం కమిషన్లు పని చేశాయి. రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ వాటికి ఆద్యుడు. నిజాం మహబూబ్ అలీ ఖాన్ ధనసహాయం చేశాడు. 'లాన్సెట్' పత్రిక తరఫున లండను నుండి లాడర్ బ్రంటన్ అనే ప్రసిద్ధ వైద్యుడు వచ్చాడు. లారీ శిష్యురాలు, మత్తు వైద్యంలో ప్రపంచంలోని తొలి మహిళలలో ఒకరైన రూపాబాయి ఫర్దూంజీ ఆ పరిశోధనలలో పాలుపంచుకున్నారు. వందల జంతువుల మీద ప్రయోగాలు జరిపి వారు తేల్చినది ఇది: క్లోరోఫాం నేరుగా గుండెను ఆపదు, ముందు శ్వాస ఆగుతుంది, కనుక మత్తు ఇచ్చేవారు శ్వాసను కనిపెట్టి ఉంటే చాలు. ఆ కాలానికి అది అపారమైన శ్రమ. అయితే 1911లో గుడ్‌మన్ లెవీ అనే వైద్యుడు, పలచగా ఇచ్చిన క్లోరోఫాం కూడా గుండె లయను చెదరగొట్టి హఠాత్తుగా ప్రాణం తీయగలదని పిల్లుల మీద ప్రయోగాలతో చూపించాడు. శ్వాసను గమనించాలన్న హైదరాబాదు పాఠం నేటికీ నిలిచి ఉంది. గుండెకు భయం లేదన్న రెండో సగం చెల్లకుండా పోయింది. ఒకే నివేదికలో ఒక మాట నూరేళ్లు దాటి బతికింది, పక్క మాట ఇరవై రెండేళ్లకే కాలం చేసింది. ఏది ఏదో 1889లో చదివినవారికి తెలిసే దారి లేదు.

ఇది పాత కథ అనుకోనక్కరలేదు. నేను వ్రాస్తూ ఉన్న ఈ కొద్ది కాలంలోనే ఎన్ని మారాయో చూడండి. కడుపులో మంటకు ఇంటింటా వాడిన రానిటిడిన్‌ను, అందులో హానికరమైన ఒక రసాయనం ఏర్పడుతున్నదని, అమెరికా ఔషధ సంస్థ 2020 ఏప్రిల్‌లో దుకాణాల నుండి తీసివేయించింది. మన దేశపు అత్యవసర ఔషధాల పట్టిక నుండి అది 2022లో తొలగిపోయింది. క్షయకు వారానికి మూడు రోజులు మందులిచ్చే పద్ధతి పోయి 2017లో దేశమంతటా రోజువారీ పద్ధతి వచ్చింది. కోడిగ్రుడ్డు పచ్చసొనను లెక్కపెట్టి తినమన్న పాత హద్దును అమెరికా 2015–2020 ఆహార సూచనలలో తీసివేశారు.

అన్నిటికంటె ఆలోచింపజేసేది ఆస్పిరిన్. గుండెజబ్బు రాని పెద్దవారు కూడా రోజూ చిన్న ఆస్పిరిన్ వేసుకుంటే మంచిదని చాలాకాలం వైద్యులు నమ్మారు. 2018లో వెలువడిన పెద్ద పరిశోధనలు, ముఖ్యంగా ఆరోగ్యంగా ఉన్న వృద్ధుల మీద జరిగినది, వారికి మేలు కనబడలేదని, రక్తస్రావం మాత్రం పెరిగిందని తేల్చాయి. నారాయణగూడలో నాకు తెలిసిన ఒక పెద్దాయన, ఎప్పటిదో ఒక వారపత్రిక నుండి కత్తిరించిన కాగితాన్ని పర్సులో భద్రంగా మడిచిపెట్టుకొని, దాని మాట మీద ఏళ్ల తరబడి ఆస్పిరిన్ వేసుకుంటూ ఉండేవారు. మలం నల్లగా పోతున్నా సంకోచంతో ఎవరికీ చెప్పలేదు. నీరసంతో మెట్ల మీద కూలబడితే ఆసుపత్రికి తీసుకువెళ్లారు. కడుపులో పుండు, రక్తం సగానికి పడిపోయింది. రక్తం ఎక్కించారు, బతికి బయటపడ్డారు. ఆ కాగితం మీద తేదీ లేదు. వ్రాసినవారు ఎవరో, ఇప్పుడు ఉన్నారో లేరో తెలియదు. అది అచ్చయిన నాటికి అందులో దోషం లేదు. అయినా ఒక మనిషి ప్రాణం మీదికి వచ్చింది. (గుండెపోటు వచ్చినవారు, స్టెంటు వేయించుకున్నవారు దీనిని చదివి ఆస్పిరిన్ మానకూడదు. వారికి అది అవసరం. మీ వైద్యుడిని అడగకుండా ఏ మందూ ఆపవద్దు.)

ఆ కాగితాన్ని చేతిలోకి తీసుకున్నప్పుడు నా వ్యాసాలు గుర్తుకు వచ్చాయి. అవి కూడా ఎవరి పర్సులలోనో, ఎవరి ఫోనులలోనో ఉంటాయి. వాటిని కాలానికి తగినట్లు సరిచేస్తూ ఉండాలంటే కొత్త పరిశోధనలు చదవాలి, అంతకంటె ముఖ్యంగా రోగులను చూస్తూ ఉండాలి. నేను రోగులను చూడడం మానివేసి ఆరేళ్లు దాటింది. శుక్లాలు తీయించుకున్న కళ్లు పత్రికలలోని సన్నని అక్షరాలను ఎక్కువసేపు భరించలేకపోతున్నాయి. చదవగలిగినంత కాలమే వ్రాసే అర్హత. ఆ అర్హత చేజారక ముందే ఆపడం, పాఠకుడి పట్ల వైద్యుడికి మిగిలిన ఆఖరి బాధ్యత అని నాకు తోచింది. అందుకే పాత వ్యాసాలన్నిటికీ పైన వ్రాసిన సంవత్సరాన్ని చేర్చాను. మందుల మోతాదులు ఉన్న వ్యాసాలను తొలగించాను.

ఒప్పజెబుతున్నవి

గడువు త్వరగా తీరనివి కొన్ని ఉన్నాయి. వాటిని మీకు అప్పగిస్తున్నాను.

మొదటిది కుక్కకాటు. గాయాన్ని కుళాయి నీటి ధార కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగండి. పసుపు, కారం, సున్నం పెట్టవద్దు. ఆలస్యం చేయకుండా టీకాకు వెళ్లండి. మన ప్రాంతంవారికి నారాయణగూడలోని ఐ.పి.ఎం. ఉండనే ఉంది. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులన్నది పాత తరం భయం. ఆ పాత టీకా తయారీ మన దేశంలో 2004 చివర ఆగిపోయింది. ఇప్పుడు చేతికి ఇచ్చే కొద్ది మోతాదులే. వైద్యులు చెప్పిన తేదీలలో అన్నీ పూర్తి చేయాలి. గాయం లోతైనదైతే గాయం చుట్టూ ఇచ్చే ఇమ్యునోగ్లోబులిన్ కూడా అవసరం. రేబిస్ లక్షణాలు మొదలైన తరువాత వైద్యం చేయగలిగినది దాదాపు ఏమీ లేదు. మొదలు కాకముందు పూర్తిగా నివారించవచ్చు. ఇంత తేడా ఉన్న జబ్బు మరొకటి అరుదు.

రెండవది విరేచనాలు. పసిబిడ్డ ప్రాణం తీసేది విరేచనం కాదు, ఒంట్లో నీరు, లవణాలు పోవడం. లీటరు నీటిలో 2.6 గ్రాముల ఉప్పు, 13.5 గ్రాముల గ్లూకోజు, 1.5 గ్రాముల పొటాషియం క్లోరైడు, 2.9 గ్రాముల ట్రైసోడియం సిట్రేటు. 2002 నుండి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్న ఓ.ఆర్.ఎస్. కొలత ఇది. పొడి పొట్లం దొరకకపోతే లీటరు శుభ్రమైన నీటిలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, చెంచాలను తలకొట్టి కొలిచి కలపండి. బిడ్డ మగతగా ఉన్నా, తాగలేకపోయినా, మూత్రం పోకపోయినా ఇంట్లో ఉంచవద్దు.

మూడవది ఛాతీ నొప్పి. ఛాతీ మీద బరువు పెట్టినట్లు ఉండి, చేతికో దవడకో పాకి, చెమట పట్టితే అది 'గ్యాస్' అని ఇంట్లో తీర్పు చెప్పవద్దు. ఇ.సి.జి. తీయించిన తరువాత గ్యాసేనని తేలితే అందరమూ సంతోషిద్దాము. మధుమేహం ఉన్నవారిలో నొప్పి లేకుండా ఆయాసం, చెమట మాత్రమే ఉండవచ్చు.

నాలుగవది పక్షవాతం. మూతి ఒక పక్కకు పోవడం, ఒక చేయి లేవకపోవడం, మాట ముద్దగా రావడం, వీటిలో ఏ ఒక్కటి హఠాత్తుగా కనబడినా గడియారం చూడండి. రక్తపు గడ్డను కరిగించే మందు లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపు పడాలి, అదీ సి.టి. స్కానింగు అయిన తరువాత. మాలిష్‌కు, నాటు మందుకు తీసుకువెళ్లే లోపు ఆ గడువు దాటిపోతుంది. 108కు ఫోను చేసి, స్కానింగు ఉన్న ఆసుపత్రికే వెళ్లండి.

అయిదవది దగ్గు. రెండు వారాలు దాటిన దగ్గుకు కఫం పరీక్ష చేయించాలి. ప్రభుత్వ కేంద్రాలలో క్షయకు పరీక్ష, మందులు ఉచితం. మిగిలిపోయిన యాంటీబయాటిక్ మాత్రలను తరువాతి జ్వరానికని దాచుకోవద్దు, పక్కింటివారికి ఇవ్వవద్దు.

మన వీధిలోని పిల్లలు

ఒప్పజెప్పేటప్పుడు 'రాత్రంతా కనిపెట్టి ఉండవలసిన రోగి' అని ఒకరిని ప్రత్యేకంగా చెబుతాము. నా మట్టుకు ఆ మంచం మీద ఉన్నవారు మన చుట్టూ ఉన్న పోటీ పరీక్షల పిల్లలు. అశోక్‌నగర్, చిక్కడపల్లి వీధులలో కోచింగు కేంద్రాలు, హాస్టళ్లు, మెస్సులు, జిరాక్సు దుకాణాలు. నగర కేంద్ర గ్రంథాలయం తెరవకముందే గేటు దగ్గర నిలబడి, మూసేదాకా కదలని యువతీయువకులు. పల్లెలలో భూమిని కౌలుకిచ్చో, అప్పు చేసో కన్నవారు పంపిన డబ్బుతో బతుకుతున్నారు. నోటిఫికేషను వాయిదా పడితే ఒక ఏడాది, రద్దయితే మరొక ఏడాది. వారి దగ్గర నేను చూసినవి నాలుగు: ఖర్చు మిగుల్చుకోవడానికి ఒక పూట మానివేయడం, ఆకలిని టీతో చంపుకోవడం, నాలుగు గంటల నిద్ర, ఇంటికి ఫోను చేయడానికి మొహమాటం.

మొదటి మూడింటికి సలహా తేలిక. గ్రుడ్డు, పల్లీలు, పప్పు, అరటిపండు ఖరీదైనవి కావు. పరగడుపున టీ వద్దు. చదివినది జ్ఞాపకంగా స్థిరపడేది నిద్రలోనే, కనుక నిద్రను తగ్గించడం చదువును తగ్గించడమే. నాలుగవదే భయపెట్టేది. నెలల తరబడి ఎవరితోనూ కలవకపోవడం, నిద్ర పట్టకపోవడం, ఇదివరకు ఇష్టమైనవాటి మీద ఆసక్తి పోవడం, తాను ఇంటికి భారమన్న మాట తరచు రావడం జబ్బు లక్షణాలు. అది పిరికితనం కాదు, చికిత్సకు లొంగే జబ్బు. టెలి మానస్ 14416 ప్రభుత్వ సేవ. ఉచితం, రాత్రీపగలూ పలుకుతుంది, తెలుగులో మాట్లాడవచ్చు. ఈ అంకెను హాస్టలు గోడ మీద, మెస్సు గల్లాపెట్టె దగ్గర వ్రాసి పెట్టండని యజమానులను కోరుతున్నాను. ఇంటి యజమానులు అద్దెతో పాటు "భోజనం చేశావా, నాయనా?" అని కూడా అడగండి. ఆ ప్రశ్నకు వచ్చే జవాబును బట్టి చాలా తెలుస్తుంది.

ఇకపై ఎలా చదవాలి

నా తరువాత మీరు చదివే ఏ ఆరోగ్య వ్యాసాన్నయినా నాలుగు ప్రశ్నలు అడగండి. ఎప్పుడు వ్రాసినది? ఎవరు వ్రాసినది? చివర ఏదైనా అమ్ముతున్నారా? చెప్పినది అందరికీ వర్తిస్తుందా, నాకు వర్తిస్తుందా? చివరి ప్రశ్నకు మాత్రం జవాబు మీ వైద్యుడి దగ్గర ఉంటుంది.

సీసా మీది పేరును సయితం ప్రశ్నించవచ్చునని మన నగరపు పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ చూపించారు. చక్కెర ఎక్కువైన పానీయాలను ఓ.ఆర్.ఎస్. పేరుతో అమ్ముతున్నారని, అవి విరేచనాలను పెంచగలవని ఎనిమిదేళ్లు పోరాడారు. 2025 అక్టోబరులో దేశ ఆహార భద్రతా సంస్థ, నిర్ణీత కొలత లేని పానీయాల మీద ఆ పేరు వాడరాదని ఆదేశించింది. ఒక్క మాట సరైన చోట ఉండడానికి ఎనిమిదేళ్లు పట్టింది. వైద్యంలో మాటకు ఉన్న విలువ అంతటిది.

సెలవు

తలనొప్పికి అమృతాంజనం ఇచ్చిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారే మనకు ఆంధ్రపత్రికను, భారతిని ఇచ్చారు. 1924లో మొదలైన భారతి 1991లో ఆగింది. మాలతీ చందూర్ గారి 'ప్రమదావనం' నాలుగు దశాబ్దాలకు పైగా తెలుగిళ్ల ప్రశ్నలకు జవాబు చెప్పింది. అంతటివే ఆగినప్పుడు నా బోటివాడి వ్రాత ఆగడం వింత కాదు. అవి ఆగినా తెలుగులో చదివేవారు ఆగలేదు, వ్రాసేవారూ ఆగలేదు.

కనుక యువ వైద్యులకు నా విన్నపం. మీరు తెలుగులో వ్రాయండి. భాష బాగా రాదని వెనుకాడవద్దు. మీ అమ్మమ్మకు ఆమె జబ్బు గురించి ఎలా చెబుతారో అలా వ్రాస్తే చాలు. తేదీ వేయండి. మారినప్పుడు మారిందని చెప్పండి.

మీ ప్రశ్నలే నన్ను పదిహేడేళ్లు చదివించాయి. విరమణ తరువాత కూడా విద్యార్థిగా ఉండే భాగ్యం మీ వల్ల కలిగింది. మీరు ఏటా ఒకసారి రక్తపు పోటు చూపించుకోండి, ముప్పయ్యేళ్లు దాటితే రక్తంలో చక్కెర పరీక్ష చేయించుకోండి, వేసుకునే మందుల పేర్లు ఒక కాగితం మీద వ్రాసి దగ్గర ఉంచుకోండి. ఆ కాగితం మీద తేదీ వేయడం మరువకండి.

వార్డు మీ చేతిలో పెడుతున్నాను. సెలవు.